పాము కరిస్తే చెన్నైలో ఎక్కడికి తీసుకెళ్లాలి? ఎవరికైనా సరిగ్గా తెలుసా?

పెరుంబాక్కం_రవి
మొన్న రాత్రి మా ఫ్లాట్స్ వాచ్‌మన్‌ని పాము కరిచింది. వాన అప్పుడే ఆగింది, కరెంటు పోతే జనరేటర్ గది దగ్గరికి చెప్పుల్లేకుండా వెళ్లాడు. చీలమండ పైన రెండు గాట్లు. నేనూ పై ఫ్లోర్ ఆయనా కార్లో వేసుకుని దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. "24 గంటల ఎమర్జెన్సీ" అని బోర్డు లైట్లతో సహా వెలిగిపోతోంది. లోపల టీటీ ఇంజెక్షన్ చేశారు, ఈసీజీ తీశారు, ఆధార్ అడిగారు, అడ్వాన్స్ కట్టించుకున్నారు. ముప్పావుగంట గడిచాక డాక్టరొచ్చి "పాము విషానికి మందు మా దగ్గర స్టాక్ లేదు, వేరేచోటికి తీసుకెళ్లండి" అన్నాడు. ఆ ముక్క గుమ్మంలోనే చెప్పొచ్చు కదా!

అక్కణ్ణుంచి సర్కారు ఆసుపత్రికి. వాళ్లు వెంటనే చేర్చుకున్నారు, సంతోషం. కానీ అక్కడ కూడా రక్తం తీసి ఒక సీసాలో పోసి, పక్కన పెట్టేసి ఇరవై నిమిషాలు ఊరికే ఉన్నారు. నాకు టెన్షన్ తట్టుకోలేక అరిచేశాను. మనిషి ఇప్పుడు ఐసీయూ నుంచి వార్డులోకి వచ్చాడు, గండం గడిచిందన్నారు.

నేనడిగేది ఒక్కటే. ఏ ఆసుపత్రిలో ఈ మందు ఉందో ముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి, మా లిఫ్టులో అంటిస్తాను.

కిట్టు_కోడంబాక్కం
మా ఫ్లాట్స్ గ్రూపులో పాము ఫొటో పెడితే పదిమంది దణ్ణం బొమ్మలు పెట్టారు. కిందికి దిగినవాడు ఒక్కడూ లేడు. మీరు కారు తీశారు, అదే గొప్ప.

నెల్లూరోడు
రవన్నా, ఏ పాము? చూశారా?

పెరుంబాక్కం_రవి
చూళ్లేదు. చీకటి. బుస గట్టిగా వినిపించిందన్నాడు, కుక్కర్ ఆవిరి వదిలినట్టు. రక్తపింజర అయ్యుంటుందని డాక్టర్లే అన్నారు. ఇక్కడివాళ్లు కన్నాడి విరియన్ అంటున్నారు.

వార్డు_సిస్టర్
రవిగారూ, ఆ ఇరవై నిమిషాలూ వాళ్లు ఊరికే లేరు. మీరు సీసా అన్నది గాజు ట్యూబు. పాముకాటు కేసు వచ్చిందంటే మేం మొదట చేసేది అదే. 2 ఎంఎల్ రక్తం తీసి, పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు ట్యూబులో పోసి, కదపకుండా స్టాండులో పెడతాం. ఎవరూ ముట్టుకోకూడదు. సరిగ్గా 20 నిమిషాలకి ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకట్టి అడుగున అతుక్కుని ఉంటే రక్తం బాగున్నట్టు. నీళ్లలా జారిందా, పింజర విషం రక్తంలో పనిచేస్తోందన్నమాట, వెంటనే ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు ఎక్కిస్తాం. మందు ఎక్కించాక 6 గంటలకి మళ్లీ ఇదే పరీక్ష.

ఇందులో ఓ మెలిక ఉంది. ట్యూబు ప్లాస్టిక్‌ది అయితే పనికిరాదు. సబ్బునీళ్లతో కడిగిన పాత ట్యూబు అయినా రక్తం గడ్డకట్టదు, తప్పు ఫలితం వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ఈ రెండు తప్పులూ చేస్తారు, నేను వెంటబడి ట్యూబు మార్పిస్తాను. పెద్ద మిషను అక్కర్లేదు, ల్యాబ్ మూసేసినా అర్ధరాత్రి చెయ్యొచ్చు. మీరు అరిచినప్పుడు ఆ సిస్టర్ మొహం ఎలా ఉండుంటుందో నాకు తెలుసు 😀

పెరుంబాక్కం_రవి
అయ్యో. ఆ సంగతి అప్పుడే ఒక్కమాట చెప్పుంటే నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి సిస్టర్.

మడిపాక్కం_మూర్తి
ఇంత హడావిడి ఎందుకు నాయనా. మా తెనాలి వైపు కాటు పడగానే పైన గట్టిగా తాడు కట్టి, గాటు పెట్టి, నల్లరాయి పెట్టేవారు. రాయి విషం పీల్చేసి దానంతటదే ఊడి పడేది. మంత్రం వేసేవాయన వస్తే అరగంటలో లేచి కూర్చునేవాళ్లు. నా కళ్లతో చూశాను.

డ్యూటీడాక్టర్
మూర్తిగారూ, మీరు చూసింది నిజమే అయ్యుంటుంది, నేను కాదనను. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషమే లేదు. విషం ఉన్నవి కూడా ఒక్కోసారి ఒట్టి కాటు వేసి వదిలేస్తాయి, విషం ఎక్కించవు. ఆ మనుషులు రాయి పెట్టినా లేస్తారు, ఏమీ పెట్టకపోయినా లేస్తారు. పేరు మాత్రం రాయికి. నిజంగా విషం ఎక్కినవాడు లేవకపోతే "ఆలస్యంగా తెచ్చారు" అంటారు.

ఇక తాడు సంగతి. అది కట్టి తెచ్చిన కాళ్లు నేను చూశాను. నల్లబడి, రక్తప్రసరణ ఆగి, కొందరికి కాలు తీసేయాల్సి వచ్చింది. పైగా తాడు ఒక్కసారిగా విప్పితే కింద ఆగిన విషమంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది. పింజర కాటుకి గాటు పెడితే ఆ రక్తం ఆగదు, ఎందుకంటే గడ్డకట్టే గుణమే విషం తినేసింది. నోటితో పీల్చడం సినిమాల్లో బాగుంటుంది, అంతే.

చెయ్యాల్సింది తక్కువ. మనిషిని నడిపించకండి, పరిగెత్తించకండి. ఎముక విరిగితే చెక్క పెట్టి కట్టినట్టు కాలూ చెయ్యీ కదలకుండా వదులుగా కట్టండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మొలతాడు తీసేయండి, వాపు వస్తే అవే తాడులా బిగుసుకుంటాయి. కాటు ఎన్నింటికి పడిందో గుర్తుపెట్టుకుని బయల్దేరండి. దారిలో కనురెప్పలు వాలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, చిగుళ్లలో రక్తం కనిపించినా అది ఏ టైముకి మొదలైందో డాక్టరుకి చెప్పండి. పాముని పట్టుకునో చంపో తేనక్కర్లేదు. అలా వెళ్లి రెండో కాటు వేయించుకున్నవాళ్లు ఉన్నారు.

కిట్టు_కోడంబాక్కం
ఒకాయన పాముని బిర్యానీ డబ్బాలో పెట్టుకుని ఎమర్జెన్సీకి వచ్చాడని మా డాక్టర్ ఫ్రెండ్ చెప్పాడు. మూత వదులుగా ఉంది. వార్డంతా మంచాల మీద నిలబడింది.

వార్డు_సిస్టర్
నవ్వకండి. అది ప్రతి వానాకాలం జరుగుతుంది.

గూడూరు_అమ్మాయి
మా పిన్నిది చెప్తాను. కింద చాప వేసుకుని పడుకుంది. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి. గాట్లు లేవు, వాపు లేదు, కుట్టినట్టు కూడా అనిపించలేదట. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు. ఎండెక్కే వేళకి కళ్లు తెరవలేకపోతోంది, నిద్ర సరిపోలేదేమో అనుకున్నాం. మాట ముద్దయ్యాకగానీ భయం పుట్టలేదు. నెల్లూరు తీసుకెళ్తే చూడగానే కట్లపాము అన్నారు. వెంటిలేటర్ మీద పెట్టారు.

కదలిక లేదు, కంటిపాప కూడా కదల్లేదు. చూసినవాళ్లందరూ ఇక అయిపోయిందనుకున్నారు, మంచం పక్కనే నిలబడి ఏవేవో మాట్లాడారు. కొన్నాళ్లకి పిన్ని లేచింది. లేచాక అన్న మొదటి మాట: "నా గాజుల గురించి ఎవరు మాట్లాడారో నాకు తెలుసు." అన్నీ వినపడ్డాయట! మా ఇంట్లో ఆ గొడవ ఇప్పటికీ చల్లారలేదు.

డ్యూటీడాక్టర్
గూడూరు అమ్మాయి చెప్పింది అక్షరాలా జరిగేదే. కట్లపాము విషం నరం కొసల్ని దెబ్బతీస్తుంది, ఒళ్లు కదలదు, తెలివి ఉంటుంది. అందుకే వార్డులో అలాంటి పేషెంటు ముందు నోరు జారొద్దని పీజీలకి చెబుతుంటాను. నరం దెబ్బతిన్నాక మందు ఎక్కించినా పక్షవాతం వెంటనే వెనక్కి పోదు. ఊపిరి ఆడించే మిషనే కాపాడుతుంది, నరం తనంతట తాను కోలుకునేదాకా. నాగుపాముకి నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ కొంచెం పనిచేస్తుంది, కట్లపాముకి అంతగా పనిచేయదు. నేల మీద పడుకోకపోవడం, దోమతెర అంచులు పరుపు కింద దోపడం, ఈ రెండూ ఐసీయూ కంటే చవక.

అవనిగడ్డ_బుజ్జి
2018 ఆగస్టు గుర్తుందా ఎవరికైనా? మా దివిసీమలో వరసగా కాట్లు. పొలాల్లోకి నీళ్లొచ్చి నాట్లు పడే రోజులు, ఎలుకలూ పాములూ గట్లెక్కాయి. అప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. యాగం మీద నాకేం కోపం లేదు, మా అమ్మ కూడా వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చింది. కానీ వచ్చి గమ్‌బూట్లు కొనిపించింది మా నాన్నకి. ఆయన బూట్లు వేసుకుని పొలానికి పోతుంటే ఊరంతా నవ్వింది, తర్వాత ఊరంతా కొనుక్కుంది.

నెల్లూరోడు
అసలు ప్రశ్న పక్కకి పోయింది. మందు ఎక్కడుంది?

డ్యూటీడాక్టర్
చెన్నైలో మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఉంటుంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రాజీవ్ గాంధీ జీహెచ్ (సర్కారు జనరల్ ఆసుపత్రి), ఉత్తరాన స్టాన్లీ, కీళ్పాక్కం. పిల్లలైతే ఎగ్మూరు పిల్లలాసుపత్రి. శివార్లలో తాలూకా ఆసుపత్రులున్నాయి. పీహెచ్‌సీల్లో కూడా ఉంచుతున్నామని రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో కొన్నింట్లో ఉంటుంది. చిన్న నర్సింగ్ హోముల్లో ఉండదనే అనుకోండి. 108కి ఫోన్ చేసి "పాముకాటు" అనే మాట స్పష్టంగా చెబితే ఎక్కడికి తీసుకెళ్లాలో వాళ్లకి తెలుస్తుంది.

మా వాళ్ల తరఫున కూడా ఒక మాట. చిన్న ఆసుపత్రి ఎందుకు పెట్టుకోదంటే, ఒక మనిషికి మొదటి విడతకే 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) కావాలి. ఏడాదిలో ఇద్దరొస్తే ఇద్దరు, లేకపోతే స్టాకు ఎక్స్‌పైర్ అయిపోతుంది. మందు గుర్రం రక్తం నుంచి తీసిందే, కొందరికి రియాక్షన్ వస్తుంది. బీపీ పడిపోయి ఊపిరి అందకపోతే వెంటిలేటర్ కావాలి. బంధువులు అద్దాలు పగలగొడతారు. అందుకని "మాకొద్దు బాబూ" అంటారు. మంచి పని అననుగానీ కారణం లేకపోలేదు.

వార్డు_సిస్టర్
కారణాలు సరే డాక్టర్‌గారూ. లేకపోతే లేదని బోర్డు పెట్టండి. అడ్వాన్స్ ఎందుకు కట్టించుకోవడం? రవిగారి వాచ్‌మన్‌కి ఆ ముప్పావుగంట కిడ్నీల మీద పడి ఉండొచ్చు. మా వార్డులో రక్తపింజర కేసులు డయాలసిస్‌దాకా వెళ్లడం ఎక్కువగా చూసేది ఇలా రెండు మూడు చోట్ల తిరిగి వచ్చినవాళ్లలోనే.

డ్యూటీడాక్టర్
ఆ విషయంలో మీతో వాదించను సిస్టర్.

సుజాత_టీనగర్
దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి పోవాలా, దూరమైనా పెద్దదానికి పోవాలా? ఒకరు అదంటారు, ఒకరు ఇదంటారు.

నెల్లూరోడు
పెద్దదానికే అక్కా. మధ్యలో ఆగితే టైము వేస్టు.

డ్యూటీడాక్టర్
నేను ఒప్పుకోను. మందు ఉన్న దగ్గరి చోటికి. మందు మొదలుపెట్టించి, అవసరమైతే అక్కణ్ణుంచి అంబులెన్సులో పెద్దాసుపత్రికి. ఓఎంఆర్ రోడ్డు చివర నుంచి సెంట్రల్‌దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో పోవడమంటే తెలుసుగా. పీహెచ్‌సీ డాక్టర్ మొదటి విడత ఎక్కించి పంపాడంటే సగం పని అయిపోయినట్టే. కానీ "మందు ఉన్న" అన్నమాట మర్చిపోకండి. అది ముందే కనుక్కుని ఉండాలి, రాత్రి రెండింటికి కాదు.

బెంగళూరు_వలస
ఇక్కడ కర్ణాటకలో 2024 ఫిబ్రవరిలో పాముకాటుని నోటిఫై చెయ్యాల్సిన జబ్బుల్లో పెట్టారు. ప్రతి ఆసుపత్రీ కేసు వివరాలు ప్రభుత్వానికి పంపాలి. ఆ ఏడాది నవంబరులో మీ తమిళనాడు కూడా పెట్టింది, 1939 నాటి పబ్లిక్ హెల్త్ చట్టం కింద. ప్రైవేటుకీ వర్తిస్తుంది.

కిట్టు_కోడంబాక్కం
రిపోర్టు రాస్తే విషం దిగుతుందా?

బెంగళూరు_వలస
విషం దిగదు, మందు వస్తుంది. ఏ తాలూకాలో ఎన్ని కాట్లో తెలియకపోతే ఎన్ని వయల్స్ పంపాలో ఎలా తెలుస్తుంది? 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఏడాదికి దాదాపు 58,000. ఇంటింటికీ వెళ్లి చావుల వివరాలు అడిగితే తేలిన లెక్క అది. ఆసుపత్రుల లెక్కల్లో అందులో కొద్ది భాగమే కనపడేది, ఎందుకంటే చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. డబ్ల్యూహెచ్‌ఓ 2017లో దీన్ని పట్టించుకోని జబ్బుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి చావులు సగానికి తేవాలని లక్ష్యం. మన కేంద్రం కూడా 2024 మార్చిలో అదే లక్ష్యంతో జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

అప్పుడే 15400 అని పాముకాటు హెల్ప్‌లైన్ ఒకటి ఐదు చోట్ల పైలట్‌గా పెట్టారు: ఆంధ్రప్రదేశ్, పుదుచ్చేరి, మధ్యప్రదేశ్, అస్సాం, ఢిల్లీ. తమిళనాడు అందులో లేదు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు నంబరు రాసుకోండి.

ఈసీఆర్_సైక్లిస్ట్
ఇన్ని మాటలొచ్చాయి, పాములు పట్టే ఇరుల గిరిజనుల పేరు ఎవరూ ఎత్తలేదేంటి? మన దేశంలో తయారయ్యే యాంటీ వెనమ్‌కి కావలసిన విషంలో చాలా భాగం మన ఈసీఆర్ రోడ్డు మీదే వస్తుంది. వడనెమ్మేలిలో మొసళ్ల పార్కు లోపల ఇరుల పాముపట్టేవాళ్ల సహకార సంఘం. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో మొదలైంది. అంతకుముందు వాళ్లు పాము చర్మాలు అమ్ముకుని బతికేవాళ్లు, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ బతుకు పోయింది.

ఆదివారం తొక్కుకుంటూ వెళ్లినప్పుడు చాలాసార్లు చూశాను. మట్టికుండలు వరసగా, మూతికి గుడ్డ కట్టి. ప్రతి కుండలో ఒక పాము. ఆయన కొక్కెంతో పింజరని తీసి, తల దగ్గర రెండు వేళ్లతో పట్టి, పైన పొర బిగించిన గాజుపాత్ర అంచుకి దాని నోరు ఆనిస్తాడు. కోరలు పొరలో దిగుతాయి, పసుప్పచ్చని బొట్లు కిందికి జారతాయి. అంతే, మళ్లీ కుండలోకి. చేతికి గ్లవుజు కూడా లేదు. వారానికోసారి తీసి, నాలుగోసారి అయ్యాక గుర్తు వేసి, పట్టిన చోటికి దగ్గర్లో వదిలేస్తారట. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుల పాముపట్టేవాళ్లకి పద్మశ్రీ వచ్చింది.

నెల్లూరోడు
మా వైపు యానాదులకీ ఈ విద్య ఉంది అన్నా. పొలంలో ఎలుకలు పట్టడానికి వాళ్లనే పిలుస్తాం. కలుగు చూసి లోపల ఎలుకో పామో చెప్పేస్తారు.

బెంగళూరు_వలస
ఈ మొత్తం వ్యవహారంలో చిక్కు కూడా అక్కడే ఉంది. విషంలో చాలా భాగం చెన్నై చుట్టుపక్కల పాములదే. అదే జాతి పాము రాజస్థాన్‌లోనో ఈశాన్యంలోనో ఉంటే దాని విషం తేడాగా ఉంటుంది, ఇక్కడి విషంతో చేసిన మందు అక్కడ అంత బాగా పనిచేయదు. మా బెంగళూరు సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో కార్తిక్ సునగర్ ల్యాబు వాళ్లు దీని మీదే పనిచేస్తున్నారు. గుర్రాలు లేకుండా ల్యాబులోనే యాంటీబాడీ తయారుచేసే ప్రయత్నం కూడా, ఎలుకల మీద ఫలితాలు 2024లో ప్రకటించారు. మనుషులదాకా రావడానికి టైము పడుతుంది. ఇంకోటి, మందు నాలుగు పాములకే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పడమటి కనుమల్లో ముక్కు పైకి లేచిన పింజర ఒకటుంది, దాని కాటుకి ఈ మందు పనిచేయదు.

కిట్టు_కోడంబాక్కం
అంటే చెన్నైలో కరిపించుకోవడం మేలన్నమాట. సొంతూరి సరుకు.

సుజాత_టీనగర్
చిన్నపిల్లలకి మందు సగం ఇస్తారా? మా బాబుకి నాలుగేళ్లు, అందుకే అడుగుతున్నా.

వార్డు_సిస్టర్
లేదమ్మా, పెద్దవాళ్లకెంతో పిల్లలకీ అంతే. పాము పిల్లాణ్ణి చూసి విషం తగ్గించి వెయ్యదు కదా. మందు కొలిచేది విషాన్ని బట్టి, ఒంటి బరువుని బట్టి కాదు. సెలైన్ మాత్రం పిల్లలకి తక్కువ కలుపుతాం. మందు ఎక్కేటప్పుడు దద్దుర్లు, వణుకు వస్తే "మందు పడలేదు, ఆపెయ్యండి" అని గొడవ చెయ్యకండి. మేం ఆపి, ఎడ్రినలిన్ ఇచ్చి, తగ్గాక మళ్లీ మొదలుపెడతాం. ఆ మందుకి బదులు ఇంకో మందు లేదు.

పెరుంబాక్కం_రవి
మావాడికి దద్దుర్లొచ్చాయి. వాళ్లావిడ సెలైన్ పీకేయబోయింది.

డ్యూటీడాక్టర్
ఇంటికి వచ్చాక కూడా ఓ కన్నేసి ఉంచండి రవిగారూ. వారం పది రోజులకి జ్వరం, కీళ్లనొప్పులు, దురద రావొచ్చు, మందు వల్లే. తగ్గిపోతుంది కానీ వచ్చి చూపించుకోవాలి. మూత్రం ఎంత వస్తోందో గమనించండి, తగ్గితే వెంటనే రండి. రక్తపింజర కొందరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని కూడా దెబ్బతీస్తుంది, నెలల తర్వాత నీరసం, ఆకలి లేకపోవడంలా బయటపడుతుంది. అప్పుడు పాముకాటు సంగతి ఎవరికీ గుర్తుండదు, డాక్టరుకి మీరే చెప్పాలి.

మడిపాక్కం_మూర్తి
సరే, తాడు వద్దు, ఒప్పుకున్నా. రాయి సంగతి నా దగ్గరే ఉంచుకుంటాను. మరి పాములు రాకుండా కార్బాలిక్ యాసిడ్ చల్లుతాం కదా, అదన్నా పనిచేస్తుందా, దానికీ లెక్చరుందా?

తాంబరం_వాలంటీర్
ఉంది సార్ 😀 నేను ఇక్కడ పాములు పట్టి ఫారెస్టు వాళ్లకి అప్పగిస్తుంటాను. కార్బాలిక్ సీసాలు మూలమూలా పెట్టిన ఇంట్లోంచే, ఆ సీసా పక్కనుంచే నాగుపాముని తీశాను. ఫినాయిల్, వెల్లుల్లి, ఉప్పు, ఏదీ లెక్కచెయ్యదు. యాసిడ్ పడి చర్మం కాలేది మీ పనిమనిషికీ మీ కుక్కకీ.

పాము మీకోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక మీ చెత్తబుట్ట కోసం వస్తుంది. గోడవారన పేర్చిన పాత టైల్స్, కొబ్బరిమట్టలు, జనరేటర్ గదిలో అట్టపెట్టెలు, ఇవి తీసేస్తే సగం పీడ వదులుతుంది. గుమ్మం కింద సందుకి రబ్బరు పట్టీ, బాత్రూం తూముకి జాలీ. రాత్రి టార్చి లేకుండా అడుగు వెయ్యొద్దు. పళ్లికరణై చిత్తడినేల మీద ఫ్లాట్లు కట్టుకుని "పాములొచ్చాయి" అని ఫోన్ చేస్తుంటారు, ఏం చెప్పమంటారు? 2015 వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకీ మాకు నిద్రలేదు.

ఇంకో ముఖ్యమైన మాట: రక్తపింజర పిల్లని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తినవాళ్లు ఉన్నారు. వీపు మీద గొలుసులా మూడు వరసల మచ్చలుంటే దూరం జరగండి. ఒక్కో తల్లి ఒక ఈతలో 20 నుంచి 40 పిల్లల్ని కూడా పెడుతుంది. గుడ్లు కాదు, నేరుగా పిల్లలే. పిల్లకీ విషం ఉంటుంది.

కిట్టు_కోడంబాక్కం
నాగులచవితికి పుట్టలో పోసిన పాలు ఎవరు తాగుతారు మరి?

తాంబరం_వాలంటీర్
చీమలు.

పెరుంబాక్కం_రవి
నిన్న సాయంత్రం కూర్చుని మా చుట్టుపక్కల ఆసుపత్రులకి ఫోన్లు చేశాను. డాక్టర్‌గారు ముందే కనుక్కోమన్నారు కదా, మూడు ప్రశ్నలు అడిగాను: ఏఎస్‌వీ ఇప్పుడు ఉందా, రాత్రిపూట ఎక్కించే డాక్టరున్నాడా, వెంటిలేటర్ ఉందా. ఒకచోట రిసెప్షన్ అమ్మాయి "కుక్కదా సార్? ఉంది, రండి" అంది. ఇంకోచోట "ముందు పేషెంటుని తీసుకురండి, చూద్దాం" అన్నారు. రెండు ప్రైవేటు చోట్ల మాత్రం ఫార్మసీకి కలిపి, ఉంది అని స్టాకుతో సహా చెప్పారు. పీహెచ్‌సీ సిస్టర్ అయితే ఫ్రిజ్ తెరిచి చూసి మరీ చెప్పింది, పాపం. ఆ మూడింటి పేర్లూ మా లిఫ్టులో అంటించాను. ఇక్కడ పెట్టను, వచ్చే నెలకి స్టాకు మారిపోతే నా మీద పడతారు. మీ ఏరియాకి మీరే చెయ్యండి.

అసోసియేషన్‌లో మాత్రం గొడవ. వాచ్‌మన్‌కి బూట్లూ టార్చీ కొనడానికి డబ్బులెందుకని ఒకాయన. ప్రైవేటు ఆసుపత్రి బిల్లు చూపిస్తే కూర్చున్నాడు.

సుజాత_టీనగర్
ఆ అడ్వాన్స్ వెనక్కిచ్చారా?

పెరుంబాక్కం_రవి
ఈసీజీ, టీటీ పట్టుకుని మిగతాది ఇస్తామన్నారు. తిరుగుతున్నాను.

వార్డు_సిస్టర్
ఫ్రిజ్‌లో ఉంటే అది ద్రవం రూపంలోది. పొడి వయల్ అయితే మామూలు గదిలో కూడా ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్ కలిపి మెల్లగా తిప్పాలి, షేక్ చెయ్యకూడదు, నురగొస్తుంది. కరెంటు పోయే ఊళ్లలో పొడిదే నయం.

సేలైయూర్_హరి
కొత్తగా చేరాను. అర్జెంటు. బాత్రూంలో చిన్న పాము, నల్లగా తెల్ల చారలు. కట్లపామేనా? మా ఆవిడ మంచం దిగట్లేదు. ఫొటో పెట్టాను.

తాంబరం_వాలంటీర్
దగ్గరికి వెళ్లకుండా తలుపు దగ్గర్నుంచే చూసి చెప్పండి. చారలు మెడ దగ్గర బాగా కనపడి తోక వైపు మాసిపోతున్నాయా, లేక మెడ దగ్గర లేకుండా తోక వైపు స్పష్టంగా ఉన్నాయా?

సేలైయూర్_హరి
మెడ దగ్గర బాగా ఉన్నాయి. తోక మామూలుగా ఉంది.

తాంబరం_వాలంటీర్
అయితే వుల్ఫ్ స్నేక్ అయ్యుండాలి, విషం లేదు. గోడలెక్కి బల్లుల కోసం వస్తుంది. కట్లపాముకి చారలు తోక వైపు తేలతాయి, జంటజంటగా. అయినా ఫొటో మసగ్గా ఉంది, నా మాట నమ్మి చెయ్యి పెట్టకండి. కర్ర కూడా తీయొద్దు, చంపడం నేరం.

సేలైయూర్_హరి
విషం లేదంటే కూడా మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. రాగలరా?

తాంబరం_వాలంటీర్
అడ్రస్ ఇన్‌బాక్స్‌లో పెట్టండి. అరగంటలో వస్తాను. ఈలోపు తలుపు వేసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కండి. తూము మూసేయండి, లేకపోతే నేనొచ్చేసరికి అది పక్కింటికి పోతుంది.